సబ్బుతో కడిగిన టెస్ట్ ట్యూబ్

వానలు మొదలయ్యాక అచ్చంపేట, దేవరకొండ, కొల్లాపూర్ వైపు పత్తి చేలల్లో, వరి గట్ల మీద పాము కాట్లు మామూలే. మనిషిని ఆటోలోనో 108లోనో దగ్గరి దవాఖానకు తెస్తారు. ఏ పాము కరిచిందో చాలాసార్లు ఎవరూ చూసి ఉండరు, చూసినా చీకట్లో చూసిందాన్ని నమ్మలేం. అప్పుడు డాక్టర్‌కు దారి చూపించేది ఒక చిన్న పరీక్ష. రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, పొడిగా ఉన్న గాజు ట్యూబులో పోసి, కదపకుండా 20 నిమిషాలు పక్కన పెడతారు, తర్వాత ట్యూబును మెల్లగా వంచి చూస్తారు. గడ్డకట్టకుండా నీళ్లలా జారితే రక్తపింజర లాంటి పాము విషం రక్తం మీద పని చేస్తోందని అర్థం, వెంటనే విరుగుడు మందు ఎక్కించాలి. ఖరీదైన యంత్రం ఏదీ అక్కర్లేదు కాబట్టి చిన్న పీహెచ్‌సీలో కూడా ఈ పరీక్ష చేయొచ్చు.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. రక్తానికి గాజు తగలడం వల్లే అక్కడ గడ్డకట్టే ప్రక్రియ మొదలవుతుంది. ట్యూబు ప్లాస్టిక్‌ది అయినా, గాజుదే అయి సబ్బుతోనో డిటర్జెంట్‌తోనో కడిగినది అయినా, ఒంట్లో విషం లేకపోయినా రక్తం గడ్డకట్టకుండా ఉండిపోవచ్చు. అంటే అవసరం లేని మనిషికి విరుగుడు ఎక్కించే ప్రమాదం ఉంది, ఆ మందేమో కొందరికి తీవ్రమైన ఎలర్జీ తెచ్చిపెడుతుంది.

ఈ పరీక్ష ఎన్ని చేతులు మారుతుందో చూడండి. ఫలితం చూసి నిర్ణయం తీసుకునేది డాక్టర్. రక్తం తీసి, టైమ్ చూసేది నర్సు. ట్యూబు ఇచ్చేది ల్యాబ్ టెక్నీషియన్. ఆ ట్యూబును పొద్దున శుభ్రంగా, శ్రద్ధగా సబ్బుతో కడిగి ఆరబెట్టింది ఎవరో ఒక ఆయా. సబ్బు వద్దన్న ముక్క డాక్టర్ చదివిన పుస్తకంలో ఉంది కానీ ట్యూబులు కడిగే సింకు దగ్గరికి అది ఎప్పుడూ చేరలేదు. ఎవరి పని వాళ్లు బాగానే చేశారు, అయినా జవాబు తప్పొచ్చింది.

వైద్య విద్యలో వేర్వేరు వృత్తుల విద్యార్థులను కలిపి చదివించాలి, కలిసి పనిచేయడం నేర్పాలి అనే మాట వచ్చినప్పుడల్లా దాన్ని ఏదో మర్యాదల పాఠంగా, అందరూ నవ్వుతూ మాట్లాడుకోవాలనే సలహాగా తీసి పారేస్తుంటారు. నిజానికి ఇది మర్యాదల సంగతి కానే కాదు, ఆ సింకు సంగతి.

మన దగ్గర ఈ విద్యార్థులు ఎక్కడెక్కడ చదువుతున్నారో ఒకసారి లెక్క వేద్దాం. 2016కు ముందు దక్షిణ తెలంగాణలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ అన్నదే లేదు. మహబూబ్‌నగర్‌లో 2016లో మొదలైంది. నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో వచ్చాయి, అదే ఏడాది బీబీనగర్ ఎయిమ్స్‌లో ఎంబీబీఎస్ తొలి బ్యాచ్ చేరింది. నాగర్‌కర్నూల్, వనపర్తి 2022లో, గద్వాల, నారాయణపేట 2024లో. జిల్లా ఆసుపత్రులన్నీ ఇలా ఒక్కొక్కటిగా బోధనాసుపత్రులు అయిపోయాయి. దీనితో ఇప్పుడు ఒకే వార్డులో ఎంబీబీఎస్ పిల్లలు, బీఎస్సీ నర్సింగ్ పిల్లలు, జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) పిల్లలు, డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) పిల్లలు, అక్కడక్కడ ఫార్మ్‌డీ (మందుల వాడకం మీద డిగ్రీ), ఫిజియోథెరపీ పిల్లలు కూడా తిరుగుతున్నారు. ఆప్రాన్ల మీద పేర్లు చదివితే తప్ప ఎవరు ఏ కోర్సో తెలియదు, ఒకరినొకరు అడగరు కూడా. బెడ్డు కుడి పక్కన ప్రొఫెసర్ చుట్టూ ఒక గుంపు, ఎడమ పక్కన నర్సింగ్ ట్యూటర్ వెనక ఇంకో గుంపు, మధ్యలో పేషెంట్. అదే జ్వరం కథను ఆయన ఇద్దరికీ రెండుసార్లు చెప్పుకోవాలి.

గోడలు పై నుంచే ఉన్నాయి. ఎంబీబీఎస్ సిలబస్ జాతీయ వైద్య కమిషన్ చేతిలో, నర్సింగ్ సిలబస్ భారత నర్సింగ్ కౌన్సిల్ చేతిలో, ఫార్మసీది ఫార్మసీ కౌన్సిల్ చేతిలో ఉంటాయి. ల్యాబ్, ఫిజియోథెరపీ లాంటి వృత్తులకు ఉమ్మడిగా ఒక జాతీయ కమిషన్ ఉండాలని చట్టం వచ్చిందే 2021లో. రాష్ట్రంలో చూస్తే మెడికల్, డెంటల్, నర్సింగ్ డిగ్రీలు వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కిందికి వస్తాయి కానీ ఫార్మ్‌డీ పిల్లలు జేఎన్‌టీయూ లాంటి వేరే యూనివర్సిటీల పరీక్షలు రాస్తారు. ఊళ్లో సూది మందు వేసే ఏఎన్ఎం అయ్యే అమ్మాయి ఇంటర్ ఒకేషనల్‌లోనే ఆ చదువు మొదలుపెట్టి ఉండొచ్చు. వీళ్లందరి సెలవులు వేరు, పరీక్షలు వేరు, పోస్టింగులు వేరు. చదువు అయ్యాక మాత్రం ఒక రోజు పొద్దున అందరినీ తెచ్చి ఒకే లేబర్ రూమ్‌లో నిలబెట్టి, ఇక కలిసి పనిచేయండి అంటాం.

కలిసి నేర్చుకోవడం అంటే ఏమిటో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఒక నివేదికలో చెప్పింది. రెండు లేదా అంతకన్నా ఎక్కువ వృత్తుల వాళ్లు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు నేర్చుకోవాలి, దాని వల్ల రోగికి మేలు జరగాలి. ఇందులో 'నుంచి' అన్న మాట దగ్గరే అసలు ఇబ్బంది. ఆడిటోరియంలో రెండు కాలేజీల పిల్లలను కూర్చోబెట్టి చేతుల శుభ్రత మీద గంట లెక్చర్ ఇస్తే అది పక్కపక్కన కూర్చోవడమే, ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నది ఏమీ ఉండదు. ఫొటో మాత్రం బాగుంటుంది, పేపర్లో వస్తుంది. మెడికల్ విద్యార్థికి తనకు తెలియనిది నర్సింగ్ విద్యార్థికి తెలుసని తేలే సందర్భం ఒకటి రావాలి, అటు నుంచి ఇటు కూడా అలాగే రావాలి. అలాంటి సందర్భం లెక్చర్‌లో పుట్టదు, పనిలో పుడుతుంది.

అలాంటి పనికి ఉదాహరణ కోసం నల్లగొండ జిల్లా వాళ్లు దూరం వెళ్లక్కర్లేదు. ఫ్లోరోసిస్ ఉంది. మర్రిగూడ, చండూరు, మునుగోడు, నాంపల్లి వైపు వంకర కాళ్లు, వంగిన నడుములు, గారపట్టిన పళ్లు తరాల తరబడి అందరూ చూసినవే. దీన్ని ఒక్క శాస్త్రం పట్టుకోలేకపోయింది. నీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉంటే ముప్పు అన్నది రసాయన శాస్త్రం వాళ్లు చెప్పే మాట. పళ్ల మీద గోధుమ రంగు చారలను ముందు గుర్తుపట్టేది పళ్ల డాక్టర్, అది కూడా ఎవరైనా చూపించుకుంటేనే. ఎముకలు గట్టిపడి, కీళ్లు బిగుసుకుపోయాక చూసేది ఎముకల డాక్టర్. ఈ జిల్లా పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1970లలో వివరంగా రాశారు, తిండికీ దీనికీ ఉన్న లంకెను వెతికారు. కాల్షియం తక్కువ తినే ఇంట్లో అదే నీళ్లు ఎక్కువ హాని చేస్తాయి. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ ఇంజనీర్లు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్‌ను దించే పద్ధతి కనిపెట్టారు, దాని పేరే నల్లగొండ టెక్నిక్. ప్రపంచంలో ఎక్కడ ఫ్లోరైడ్ పాఠం చెప్పినా ఈ ఊరి పేరు వస్తుంది. చివరికి కృష్ణా నీళ్లు పైపుల్లో ఇళ్లకు రావడం దీనికి పెద్ద మందు అయింది, ఆ మందు రాసింది ఏ డాక్టరూ కాదు.

ఇప్పుడు ఆ ప్రాంతంలో ఒక అరవై ఏళ్ల మనిషిని తీసుకుందాం. ఇది ఊహించిన కేసే కానీ ఓపీలో కూర్చున్న ఎవరికైనా తెలిసిన కేసు. నడుం నొప్పి, మోకాళ్ల నొప్పి ఇరవై ఏళ్లుగా ఉన్నాయి. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర, మెడికల్ షాపులో నొప్పి గోలీలు తెచ్చుకుని రోజూ మింగుతాడు. బీపీ ఉంది, దానికి పీహెచ్‌సీ గోలీలు వాడుతున్నాడు, అయినా తగ్గదు. డాక్టర్ బీపీ గోలీల డోసు పెంచుతాడు. నొప్పి గోలీల వల్లే బీపీ మందు పని తగ్గుతోందని, రెండూ కలిసి కిడ్నీలను దెబ్బ తీస్తున్నాయని చెప్పాల్సింది మందుల సంగతి చదివిన ఫార్మ్‌డీ అమ్మాయి, కానీ ఆమెను కేస్ షీట్ ముట్టుకోనిస్తేనే కదా! నొప్పి గోలీలు మానేస్తే నొప్పికి ఇంకేం దారి ఉందో, ఏ వ్యాయామం ఏ కీలుకు పనికొస్తుందో చెప్పేది ఫిజియో. ఆ ఇంట్లో ఇప్పటికీ వంటకు బోరు నీళ్లే వాడుతున్నారన్న సంగతి ఆశ కార్యకర్తకు తెలుసు, ఎందుకంటే నల్లా నీళ్లతో పప్పు ఉడకదని ఆ ఇంటి కోడలు అన్నది ఆమెతోనే. డాక్టర్‌తో ఆ మాట ఎవరూ అనరు, ఆయన అడగడు కూడా. ఒక్క మనిషి జబ్బు ఇలా నాలుగు ముక్కలై నలుగురి దగ్గర ఉంటే దాన్ని ఒక చోటికి తేవడం ఎవరి సిలబస్‌లో ఉంది?

ఎంబీబీఎస్ సిలబస్‌లో మాటవరసకు ఉంది. 2019 నుంచి అమలవుతున్న కొత్త పాఠ్యప్రణాళికలో డాక్టర్ అంటే వైద్యం చేసేవాడే కాదు, ఆరోగ్య బృందానికి నాయకుడూ అందులో సభ్యుడూ కూడా అని రాసుకున్నారు. వైఖరి, నైతికత, సంభాషణ మీద వేరే మాడ్యూల్ పెట్టారు. మంచిదే. కానీ నాయకుడు, సభ్యుడు అన్న రెండు మాటల్లో మొదటిది మన పిల్లలకు చెప్పకుండానే అబ్బుతుంది, రెండోదే రాదు. ఆ మాడ్యూల్ క్లాసులో ఉండేది కూడా ఎంబీబీఎస్ వాళ్లే, సభ్యుడిగా ఉండడం ఎవరితో ప్రాక్టీస్ చేస్తారు?

మన వార్డుల్లో పెద్దరికం పిలుపులోనే ఉంది. డాక్టర్ ఎంత చిన్నవాడైనా సార్, నర్సు ఎంత పెద్దదైనా సిస్టర్. ఎంబీబీఎస్ చివర ఇంటర్న్‌షిప్ చేసే ఇరవై మూడేళ్ల హౌస్ సర్జన్‌కు మొదటి రాత్రి డ్యూటీలో నరానికి కాన్యులా (సెలైన్ ఎక్కించే గొట్టం) పెట్టడం దగ్గర నుంచి, ఏ పేషెంట్ ఉన్నట్టుండి చేయి దాటిపోతాడో ముఖం చూసి పసిగట్టడం దాకా నేర్పేది పాతికేళ్ల సర్వీసు ఉన్న సిస్టరే. ఇది రాష్ట్రంలో ప్రతి హౌస్ సర్జన్‌కూ తెలుసు. ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవడం ఇదే కదా, కాకపోతే దొంగచాటుగా జరుగుతోంది. లాగ్ బుక్‌లో ఆ సిస్టర్ సంతకానికి గడి లేదు. పొద్దున రౌండ్స్‌లో మళ్లీ ఆమె ట్రే పట్టుకుని వెనకాల నిలబడుతుంది.

ఈ దూరం వల్ల నష్టం ఎక్కడ జరుగుతుందంటే, తప్పు కనిపించినా చెప్పలేకపోవడంలో. బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందని నర్సింగ్ విద్యార్థికి అనిపిస్తుంది, డ్యూటీ మేడంకు ఫోన్ చేయాలంటే టెన్షన్. చేసినా 'మేడం, పేషెంట్ కొంచెం బాలేదు' అంటుంది. అటు నుంచి 'సరే చూద్దాం' అని వస్తుంది. ఇద్దరిలో ఎవరినీ తప్పు పట్టలేం, ఆ వాక్యంలో సమాచారమే లేదు. దీనికి చాలా దేశాల ఆసుపత్రుల్లో వాడే చిన్న పద్ధతి ఒకటుంది. అమెరికా నౌకాదళం జలాంతర్గాముల్లో పుట్టి ఆసుపత్రులకు వచ్చింది. నాలుగు సంగతులు ఇదే వరుసలో చెప్పాలి: ఇప్పుడేం జరుగుతోంది, ముందు ఏం జరిగింది, నాకేమనిపిస్తోంది, మీరేం చేయాలి. 'మేడం, మూడో బెడ్డు, బిడ్డ గుండె చప్పుడు పది నిమిషాల నుంచి నూటికి దిగువనే ఉంది. తొలి కాన్పు, పొద్దున నుంచి నొప్పులు. బిడ్డకు ఊపిరి అందట్లేదని అనిపిస్తోంది. మీరు ఇప్పుడే రావాలి.' చూడ్డానికి తేలిక. వీటిలో మూడోది, నాలుగోది మాత్రం మన పిల్లల నోటికి రావు. నర్సు తనకేమనిపిస్తోందో చెప్పడం, డాక్టర్‌కు ఏం చేయాలో సూచించడం ఇక్కడ అలవాటు లేని పని. అందుకే దీన్ని నర్సింగ్ కాలేజీలో ఒక్కచోటే నేర్పితే సగం పనే అవుతుంది. వినేవాడు కూడా అదే క్లాసులో ఉండాలి, ఫోన్ ఎత్తినవాడు విసుక్కోకుండా విన్నది తిరిగి చెప్పడం నేర్చుకోవాలి. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, పాత్రలు మార్చి, పదిసార్లు ఆడిస్తే చాలు.

ఆపరేషన్ థియేటర్ల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన చెక్‌లిస్టులో కూడా ఇలాంటి ముక్క ఒకటుంది. కోత పెట్టే ముందు థియేటర్‌లో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరు, తమ పని పైకి చెప్పాలి. చిన్నపిల్లల ఆటలా అనిపిస్తుంది, మన దగ్గర చాలామంది సర్జన్లకు నవ్వు కూడా వస్తుంది. కానీ ఒకసారి నోరు తెరిచి పేరు చెప్పిన మనిషి, రక్తం అద్దే గాజ్ గుడ్డల లెక్క తగ్గినప్పుడు రెండోసారి నోరు తెరవడానికి అంత జంకడు. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లోని ఆసుపత్రుల్లో ఆ చెక్‌లిస్టును వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు. తగ్గడానికి లిస్టులోని ఏ అంశం ఎంత కారణమో విడదీసి చెప్పలేం, అది వేరే సంగతి.

కలిపి చదివించడం వల్లే రోగులు బాగుపడ్డారని రుజువు ఉందా అని ఎవరైనా అడిగితే, ఉంది కానీ బలంగా లేదు అన్నదే నిజాయితీగల జవాబు. వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కొక్రేన్ సంస్థ 2013 నాటి సమీక్షలో ఎంచిన అధ్యయనాలు 15. వాటిలో ఏడింటిలో మేలు కనిపించింది, నాలుగింటిలో కొంత అటూ కొంత ఇటూ, మిగతా నాలుగింటిలో ఏ మార్పూ లేదు. అందుకని దీన్ని మంత్రంలా అమ్మడం సరికాదు. స్వీడన్‌లోని లింషోపింగ్ యూనివర్సిటీ 1980లలోనే వృత్తులన్నిటికీ ఉమ్మడి చదువు మొదలుపెట్టి, 1990లలో ఒక వార్డునే విద్యార్థుల బృందాలకు అప్పగించింది. మెడికల్, నర్సింగ్, ఫిజియోథెరపీ విద్యార్థులు కలిసి రోగులను చూసుకుంటారు, పైన సీనియర్ల పర్యవేక్షణ ఉంటుంది. రోగికి స్నానం చేయించడంలో మెడికల్ విద్యార్థి కూడా చేయి వేయాలి. ఆ పని చేసినవాడికి వీపు మీద పడిన పుండు కనిపిస్తుంది. రౌండ్స్‌లో దుప్పటి మీద నుంచి చూసినవాడికి కనిపించదు.

మన జిల్లా ఆసుపత్రిలో వార్డు మొత్తం పిల్లలకు అప్పగించేంత సిబ్బంది లేరు, ఆ కల ఇప్పుడు వద్దు. ఉన్నవాటితోనే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ప్రసూతి వార్డు అందులో మొదటిది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, అప్పట్లో దేశంలో ఇంకెక్కడా అంత లేదు. నర్సులకు మిడ్‌వైఫరీలో, అంటే మామూలు కాన్పులు చేయించే పనిలో, ప్రత్యేక శిక్షణను రాష్ట్రం 2017లోనే మొదలుపెట్టింది. అయితే మామూలు కాన్పును ఓపిగ్గా నడిపించడం మిడ్‌వైఫ్ దగ్గర నేర్చుకోని ఎంబీబీఎస్ విద్యార్థి రేపు గైనకాలజిస్టు అయ్యాక ఆమెను నమ్మి లేబర్ రూమ్ వదలగలడా? ఇంటర్న్‌షిప్‌లో రెండు వారాలు మిడ్‌వైఫ్ కిందే పనిచేయించి, మూల్యాంకనంలో ఆమె మార్కులు కూడా కలిపితే ఆ నమ్మకానికి ఒక పునాది పడుతుంది. మార్కుల మాట ఎందుకంటే, మన పిల్లలు మార్కు లేనిదాన్ని చదవరు. అది వాళ్ల తప్పు కాదు, నీట్ దగ్గర నుంచి మనం నేర్పిందే అది.

రెండోది ఊరు. ఇప్పుడు ప్రతి ఎంబీబీఎస్ విద్యార్థీ కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని చదువైపోయేదాకా వాళ్ల ఇంటికి వెళ్లి ఆరోగ్యం చూడాలి. నర్సింగ్ పిల్లలకూ కమ్యూనిటీ పోస్టింగ్ ఉంది, వాళ్లూ ఇంటింటికీ ఫైలు రాస్తారు. రెండు కాలేజీలూ ఒకే ఊరికి వేర్వేరు రోజుల్లో బస్సులు పంపిస్తే, అరుగు మీద కూర్చున్న అవ్వ నెలలో నాలుగుసార్లు బీపీ చూపించుకుంటుంది, ఒక్కరు కూడా మళ్లీ ఆ కాగితాన్ని ఇంకొకరికి చూపించరు. ఒకే కుటుంబాన్ని ఒక మెడికల్, ఒక నర్సింగ్, ఒక ఫార్మ్‌డీ విద్యార్థికి కలిపి ఇచ్చి, ఆ ఊరి ఆశ కార్యకర్తను వాళ్లకు గురువుగా పెట్టొచ్చు. ఆమె చెప్పే పాఠం పాలమూరులో ఇంకెవరూ చెప్పలేరు. టీబీ మందు మొదలుపెట్టిన మనిషి దసరా దాటగానే కుటుంబంతో ముంబైకో పుణెకో పనికి పోతాడని, ఆరు నెలల కోర్సు అక్కడ తెగిపోతుందని, ఏ మేస్త్రీతో పోతున్నాడో ఆమెకు ముందే తెలుసు. పోకముందే టీబీ రోగుల వివరాలు నమోదు చేసే నిక్షయ్ పోర్టల్‌లో అక్కడి కేంద్రానికి బదిలీ పెట్టించి, చేతికి కొన్ని వారాల మందులిచ్చి పంపితే కోర్సు నిలబడుతుంది. ఆ బదిలీకి డాక్టర్, ఫార్మసిస్టు, టీబీ సూపర్‌వైజర్, ఆశ నలుగురూ కావాలి. ముగ్గురు విద్యార్థులు ఒక్క కేసులో ఈ పని దగ్గరుండి చేస్తే చాలు, మళ్లీ ఆ టాపిక్ మీద సెమినార్ అక్కర్లేదు.

నేర్పేవాళ్ల సంగతి ఇంకో చిక్కు. మెడికల్ ప్రొఫెసర్, నర్సింగ్ ట్యూటర్ ఇద్దరూ ఒకే టేబుల్ దగ్గర కూర్చుని ఒక కేసు తయారుచేసిన అనుభవం చాలా చోట్ల లేదు. పిల్లలు చూసేది వాళ్లనే. ప్రొఫెసర్ అందరి ముందూ సిస్టర్‌ను గద్దిస్తే, ఆ నిమిషంలో పిల్లలు నేర్చుకున్నది నాలుగేళ్ల మాడ్యూల్ కన్నా గట్టిగా నిలుస్తుంది. కొత్త కాలేజీల్లో అధ్యాపకుల ఖాళీలు ఎలాగూ ఉన్నాయి, ఉన్నవాళ్లకు కూడా ఇది అదనపు పనిగానే కనిపిస్తుంది. అందుకే కొత్త సబ్జెక్టు ఏదీ పెట్టకుండా, రోజూ జరిగే పనినే కలిపి చేయించడం దగ్గర మొదలుపెట్టాలి.

రోజూ జరిగే పనుల్లో అన్నిటికన్నా చిన్నది డ్యూటీ మారడం. నర్సులకు మామూలుగా పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం రెండుకు, రాత్రి ఎనిమిదికి డ్యూటీ మారుతుంది, బెడ్డు బెడ్డుకూ తిరిగి అప్పగింత చేసుకుంటారు. హౌస్ సర్జన్ల డ్యూటీ ఇంకో టైమ్‌కు మారుతుంది, వాళ్ల అప్పగింత తరచూ వాట్సాప్‌లోనో క్యాంటీన్‌లోనో అయిపోతుంది. రెండు అప్పగింతల్లోనూ పేషెంట్లు వాళ్లే, గంట తేడా అంతే. రాత్రి ఎనిమిదికి ఇద్దరూ ఒకే బెడ్డు దగ్గర నిలబడేలా హౌస్ సర్జన్ల రోస్టర్‌లో ఒక గంట జరపడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు, సూపరింటెండెంట్ సంతకం చాలు. అప్పుడు ట్యూబులు ఎవరు కడిగారని అడగడానికి కూడా ఒక టైమ్ దొరుకుతుంది.